తపాలా సంచిలో మల్లె అంటు

రావులపాలెం: తపాలా కార్యాలయాలకు ఉత్తరాలు రావడం తగ్గిపోయిందని అందరూ అనుకుంటున్న రోజులివి. పెళ్ళి శుభలేఖలు సైతం ఫోనులోనే చేరిపోతున్నాయి. అటువంటిది, ఈ చుట్టుపక్కల గ్రామాల్లో పోస్టుమేన్ సంచిలో కొన్నాళ్ళుగా ఒక కొత్త సరుకు కనబడుతోంది. పొడవాటి అట్ట గొట్టాలు, టేపు చుట్టిన బిస్కెట్ల పెట్టెలు, వూపితే లోపల గింజలు గలగలమనే కవర్లు. వాటిమీద చిరునామాతోపాటు "లోపల మొక్కలున్నవి, ఎండలో వుంచవద్దు" అన్న విన్నపం కూడా వుంటుంది. ఒక పొట్లంమీద అయితే "పోస్టుమేన్ గారికి నమస్కారం, దయచేసి ఇటువైపు పైకి వుండేలా పెట్టండి" అని బాణం గుర్తు గీసి మరీ రాశారు. ఆ పొట్లం తలకిందులుగానే వచ్చి చేరిందనేది వేరే సంగతి.

పంపేవారు బంధువులు కారు. అనంతపురంలో ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, వరంగల్లులో ఒక గృహిణి, శ్రీకాకుళం జిల్లాలో ఒక యువరైతు, బెంగళూరులో మేడమీద కుండీల్లో కూరలు పండించుకునే ఒక ఉద్యోగిని. ఇక్కడ అందుకునేవారిలో ఎక్కువమంది ఇల్లు చూసుకునే ఆడవారే. ఫోనుమీద మొక్కల కబుర్లతో మొదలైన పరిచయాలివి. చాలామంది ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. ఒకరి పెరడు మాత్రం ఒకరికి బాగా తెలుసు. "ఆవిడ పేరు అడగటానికి నాకు ఏడాది పట్టిందండి. కరివేపాకు అక్కయ్యగారనే పిలిచేదాన్ని" అని ఒక ఇల్లాలు నవ్వుతూ చెప్పారు.

కడియం పక్కనే వుండగా...

గౌతమి వంతెన ఎక్కి జొన్నాడ దాటితే కడియం ఎంతో దూరం లేదు. దేశం నలుమూలలకూ లారీలమీద మొక్కలు పంపే నర్సరీలు అక్కడ వున్నాయి. పైకం యిస్తే దొరకని మొక్క వుండదని పేరు. అలాంటి చోటుకు కూతవేటు దూరంలో వున్నవారు అనంతపురం నుంచి కొమ్మ ముక్కలు తెప్పించుకోవడమేమిటని ఎవరైనా అడుగుతారు. ఈ విలేఖరీ అదే అడిగాడు.

వచ్చిన జవాబు సబబుగానే వుంది. నర్సరీ అతను అమ్ముడుపోయే మొక్కను పెంచుతాడు. అది అతని తప్పు కాదు. పెరట్లో పొయ్యి బూడిద పోసి పెంచుకున్న పొట్టి పొట్ల, కందిరీగలు ముసిరే నేతిబీర, పందిరికి బరువయ్యేటంత కాసే తమ్మకాయ, రోజుకు రెండే పూలు పూసినా వీధి మొగలోకి వాసన కొట్టే నాటు గులాబి – ఇవి ఎవరు కొంటారు? కొనేవారు లేక అవి దుకాణానికి రాలేదు. పెరళ్ళు పోయి డాబాలు లేచిన తరువాత ఇళ్ళలోనూ లేకుండా పోయాయి. ఎక్కడో ఒక వూళ్ళో ఒక పెద్దావిడ దూలానికి వేలాడగట్టిన ఆనపబుర్రలోనో, వుట్టిమీది గురిగిలోనో నాలుగు గింజలు మిగిలివుంటాయి. వాటిని వెతికి పట్టుకోవడానికే ఈ ఉత్తరాలు, ఈ పొట్లాలు.

నిజానికి ఇది మనకు కొత్త అలవాటు కాదు. పెరట్లో మొక్క అడిగితే లేదనకూడదని పెద్దలు చెప్పేవారు. ఆడపిల్ల కాపురానికి వెళ్ళేటప్పుడు సారె బుట్టల పక్కనే తడి గోనెలో చుట్టిన కంద దుంప, పసుపు కొమ్ములు, అరటి పిలక బండి ఎక్కేవి. అవి కొత్త వూళ్ళో బతికితే పిల్ల కూడా అక్కడ నిలదొక్కుకున్నట్టే లెక్క. మనీప్లాంటు మాత్రం అడిగి తెచ్చుకుంటే అచ్చిరాదని, తెలియకుండా తుంచుకుపోవాలని ఒక విచిత్రమైన నమ్మకం. తపాలాలో వచ్చిన మనీప్లాంటు దొంగిలించినట్టా, అడిగినట్టా అన్న ధర్మసందేహం ఇంకా ఎవరూ తీర్చలేదు.

కొమ్మతోపాటు కొసరు

పొట్లం విప్పితే మొక్క ఒక్కటే వుండదు. వరంగల్లు నుంచి మందార కొమ్మలతోపాటు సకినాలు వచ్చాయి. అనంతపురం నుంచి అంజూర కొమ్మలకు తోడుగా వేరుశనగ కాయలు. శ్రీకాకుళం కుర్రవాడు జీడిపప్పు పంపాడు. సందులు నింపడానికి గడ్డికి బదులు కుంకుడుకాయలు పోసిన ఒక మహాతల్లి తెలివికి మెచ్చుకోవలసిందే. మొక్క కదలకుండా వుంటుంది, తలంటికి పనికొస్తుంది.

ఇక్కడినుంచి తిరుగు బహుమతి ఏమిటో చెప్పనక్కరలేదు. పక్క మండలం ఆత్రేయపురం. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే పూతరేకుకు, తపాలాకు చుక్కెదురు. గాలికే చిరిగే రేకు సంచుల కింద పడితే ఏమవుతుందో వూహించుకోవచ్చు. "పూతరేకులు పంపించానండీ. ఆవిడ ఫోను చేసి, పిన్నిగారూ, తీపి అటుకులు అందాయి, చాలా బాగున్నాయి అన్నారు" అని ఒకావిడ వాపోయారు. అప్పటినుంచి ఆవిడ మామిడి తాండ్ర, వడియాలు పంపుతున్నారు. వాటిని ఏనుగు తొక్కినా ఫరవాలేదు.

ఖర్చు విషయంలో కొంత పేచీ వుంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు. తక్కువ తూకం పొట్లాలకు తపాలా, పెద్ద పెట్టెలకు ఆర్టీసీ కార్గో వాడుతున్నారు. మొక్కకు ధర కట్టకూడదు, పంపించే ఖర్చు మాత్రం అందుకున్నవారు పెట్టుకోవాలన్నది వీరిలో వీరు చేసుకున్న కట్టుబాటు. కొందరు అదీ తీసుకోరు. "గింజ పంపించు, అదే డబ్బు" అంటారు. ఈ మంచితనాన్ని ఆసరా చేసుకుని నీలం గులాబి విత్తనాలు, ఏడు రంగుల మందార అని బొమ్మలు చూపి సొమ్ము గుంజేవారు కూడా బయలుదేరారు. ఒక ఇల్లాలికి గులాబి పేరుతో వచ్చిన గింజలు మొలిచి తోటకూర అయింది. కనీసం వండుకోవడానికైనా పనికొచ్చిందని ఆమె సరిపెట్టుకున్నారు.

బతికి రావాలంటే

మొక్కను పొట్లం కట్టడం ఒక విద్య. మొదట్లో అందరూ చేసే పని తడి ఎక్కువ పెట్టడం. దాహం వేస్తుందేమోనని తడిగుడ్డ చుట్టి, దానిమీద ప్లాస్టిక్ కవరు గట్టిగా బిగించి పంపుతారు. నాలుగు రోజుల తరువాత విప్పితే కంపు కొడుతుంది. ఆకు వుంటే మరీ త్వరగా కుళ్ళుతుంది. అనుభవం మీద ఇప్పుడు చేస్తున్నది యిది: పెన్సిలు లావు, జానెడు పొడవు కొమ్మ తీసుకోవాలి. మరీ లేతదీ కాకూడదు, ముదిరి చేవ తేలినదీ కాకూడదు. కణుపుకు కొంచెం కింద ఏటవాలుగా కోయాలి. పైకోత సమంగా వుండాలి. ఎండిన కొమ్మకు తల ఏదో, మొదలు ఏదో తెలియక తలకిందులుగా నాటినవారు చాలామంది వున్నారు గనుక ఈ గుర్తు. ఆకులన్నీ తీసేయాలి, లేదా కొసన ఒకటి రెండు సగానికి కత్తిరించి వుంచాలి. తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టును మొదలు దగ్గర రెండంగుళాలు మాత్రమే పెట్టి, ఆ భాగానికే ప్లాస్టిక్ కట్టాలి. మిగతా కొమ్మకు పాత న్యూస్‌పేపరు చుడితే చాలు. కొబ్బరి పొట్టుకు కోనసీమలో కరువేముంది! కొందరు అరటి దొప్పను గొట్టంలా చుట్టి అందులో పెడుతున్నారు. అది తేమ వదలదు, కుళ్ళనివ్వదు.

డ్రాగన్ ఫ్రూటు కాడ, బ్రహ్మజెముడు వంటి వాటి సంగతి వేరు. వాటికి తడి అసలు పనికిరాదు. కోసిన చోట పుండు ఆరేదాకా నీడలో కొన్ని రోజులు వుంచి, పొడి కాగితంలో పంపాలి. వారం ఆలస్యమైనా చెక్కుచెదరవు.

పంపే రోజు కూడా చూసుకోవాలి. సోమవారం వేస్తే ఆదివారం లోపల చేరుతుంది. శుక్రవారం వేసినది ఏ వూరి సంచిలోనో సెలవు గడిపి వస్తుంది. పండుగల ముందు పంపకపోవడమే మంచిది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద సంచి వేడెక్కితే కొమ్మ వుడికిపోతుంది. తొలకరి పడి ఆరుద్ర వచ్చిన దగ్గరనుంచి కార్తీకం దాకా కొమ్మలకు అనువైన కాలం.

గింజలకు ఇంత గొడవ లేదు గాని, తపాలా ముద్ర దెబ్బ వుంది. మామూలు కవరులో వేసిన ఆనప గింజలమీద ముద్ర కొట్టినప్పుడు సరిగ్గా ఆ చోట వున్నవి పప్పు పప్పు అవుతాయి. రెండు అట్ట ముక్కల నడుమ గింజలు పరిచి అంటిస్తే ఆ బాధ లేదు. గింజను నీడన బాగా ఆరబెట్టి కాగితపు పొట్లంలోనే పెట్టాలి. చెమ్మ వున్న గింజను ప్లాస్టిక్‌లో పెడితే బూజు పట్టి చేరుతుంది. రకం పేరు, కోసిన నెల, ఏ వూరి విత్తనం అన్నది పొట్లంమీదనే రాయాలి. "గుర్తుంటుందిలే" అనుకున్నవారి ఇంట్లో గుర్తు తెలియని గింజలు గిన్నెలకొద్దీ పడివున్నాయి.

పేరు రాసినంతమాత్రాన రకం నిలుస్తుందనీ చెప్పలేం. ఒకే పందిరిమీద గుండ్రని ఆనప, పొడుగు ఆనప పాకితే తేనెటీగ రెంటినీ కలిపేస్తుంది. ఆ గింజ మరుసటి ఏడు ఏ ఆకారంలో కాస్తుందో చెప్పడం కష్టం. పూత విచ్చకముందే ఆడపువ్వుకు గుడ్డ సంచి తొడిగి, సాయంత్రం అదే రకం మగపువ్వు తెచ్చి అద్ది, మళ్ళీ సంచి కట్టేవారే నమ్మకమైన విత్తనం పంపగలరు. శ్రీకాకుళం కుర్రవాడు అలా చేస్తాడు. అతని విత్తనానికి గిరాకీ ఎక్కువ.

ఆగాకర దుంపల కథ చెప్పుకోదగ్గది. ఒకావిడ తెలంగాణ స్నేహితురాలినడిగి ఆగాకర (అక్కడ బోడకాకర) దుంపలు తెప్పించారు. తీగలు కంచె నిండా పాకాయి, పూశాయి. పిందె లేదు. మందులు కొట్టారు, దిష్టి తీశారు. చివరకు తేలిందేమిటంటే వచ్చిన మూడు దుంపలూ మగవే! ఆగాకరలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. ఆడపువ్వుకు రేకుల కింద ముళ్ళ పిందె ఆకారం చిన్నగా కనబడుతుంది, మగపువ్వుకు వుండదు. ఆ సంగతి తెలియజేయగానే అవతలావిడ ఫోనులో పావుగంట నవ్వి, "పెళ్ళికూతుళ్ళను పంపిస్తున్నాను వదినా" అని మరుసటి వారం ఆడ దుంపలు పంపారట. ఆ ఏడాది శ్రావణ భాద్రపదాల్లో ఆ ఇంట కాయ కొనలేదు.

పొట్లంలో పిలవని చుట్టం

ఇంతదాకా వేడుకగానే వుంది. ఇక చెప్పబోయేది వేడుక కాదు.

ఈ ప్రాంతంలోనే ఒక ఇంటికి రెండేళ్ళ కిందట అపురూపమైన రంగు మందార కొమ్మలు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టు మిగతా కుండీల నడుమ గుచ్చారు. నెల తిరగకుండా కణుపుల్లో దూదిలాంటి తెల్లని మచ్చలు కనిపించాయి. పిండినల్లి. మందారనుంచి వంగకు, వంగనుంచి దొండకు, బొప్పాయికి పాకింది. చీమలు దాన్ని మోసుకెళ్ళి కొత్త చోట్ల కాపురం పెట్టించాయి. వేపనూనె పనిచేయలేదు, సబ్బునీళ్ళు పనిచేయలేదు. చివరకు ఆమె 11 కుండీలు ఖాళీ చేసి మొక్కల్ని తగులబెట్టారు. అంతటితో ఆగితే ఆమె సంగతి ఇక్కడ రాయనక్కరలేదు. ఈలోగా ఆ కుండీల్లోంచి తాను ఎవరెవరికి కొమ్మలు పంపారో చిట్టా తీసి, ఏడుగురికీ ఫోను చేసి, "నేను పంపినవి పీకి కాల్చేయండి" అని చెప్పారు. ఇద్దరు మాట తప్పుగా పట్టుకుని మాట్లాడటం మానేశారు. ఒకామె మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని వెతికితే పురుగు దొరికిందని, బతికించావమ్మా అని ఆశీర్వదించారు.

ఒక ఇంటి పిండినల్లి అంటే ఏముందిలే అనుకోవచ్చు. కొబ్బరి రైతునడిగితే తెలుస్తుంది. మధ్య అమెరికా ప్రాంతపు సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో బయటపడింది. ఎంతో కాలం పట్టకుండానే గోదావరి జిల్లాల తోటలకు చేరింది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది. అది విసర్జించే తీపి జిగురు కింది ఆకులమీద పడి, దానిమీద నల్లని మసి బూజు పట్టి చెట్టంతా పొగచూరినట్టు అవుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు దీనిపై మిత్ర పురుగులను, పురుగును చంపే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించవలసి వచ్చింది. ఆ దోమ తనంత తాను ఎగిరేది కొద్ది దూరమే. వూళ్ళు, రాష్ట్రాలు దాటడానికి దానికి మనిషి చేతిలో మొక్క కావాలి. జామ ఆకు అడుగున నాలుగు గుడ్లు వుంటే చాలు. అరటి పిలకలతో వెర్రితల తెగులు వెళ్ళేదీ అంతే. పైకి పిలక నిగనిగలాడుతూనే వుంటుంది.

అందుచేత తెలిసినవారు ఇప్పుడు ఒక పద్ధతి పాటిస్తున్నారు. మట్టితో మొక్క పంపరు, మట్టితో వచ్చినది తీసుకోరు. పొట్లం ఇంటి లోపల కాకుండా వాకిట్లో పాత గుడ్డమీద విప్పుతారు. ఆకు అడుగు, కణుపు సందు భూతద్దంతో చూస్తారు. చుట్టి వచ్చిన కాగితం, పొట్టు అన్నీ పొయ్యిలో వేస్తారు. కొమ్మను కాసేపు నీళ్ళలో వుంచి, ఇసుక కలిపిన కుండీలో గుచ్చి, మిగతా మొక్కలకు దూరంగా మూడు వారాలు వేరుగా వుంచుతారు. "పురిటి గది" అని దానికి పేరు పెట్టుకున్నారు. ఈ మాత్రం ఓపిక అందరికీ లేదు. లేనివారికి కొమ్మ పంపకపోవడమే మేలని ఈ విలేఖరి అభిప్రాయం.

సముద్రం దాటితే

రైతు తన విత్తనాన్ని దాచుకోవడం, విత్తుకోవడం, ఇతరులకిచ్చి పుచ్చుకోవడం, అమ్ముకోవడం కూడా అతని హక్కేనని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం చెబుతోంది. చట్ట రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో సంచికెత్తి అమ్మడం ఒక్కటే కూడదు. కాబట్టి పెరటి గింజలు ఇచ్చిపుచ్చుకునేవారు బెదరనక్కరలేదు.

అయితే ఈ వెసులుబాటు దేశం లోపలి మాట. ఈ వూళ్ళలో ఇంటికొకరు చొప్పున అమెరికాలో వున్నారంటే అతిశయోక్తి కాదు. వచ్చేటప్పుడు పూల విత్తనాల కవర్లు తెస్తామని వారు, వెళ్ళేటప్పుడు కరివేపాకు మొక్క పెట్టెలో పెట్టుకుపొమ్మని వీరు అంటూ వుంటారు. రెండూ కూడని పనులే. విదేశీ విత్తనం, మొక్క మన దేశానికి రావాలంటే 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, అక్కడి అధికారులిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పోస్టు కవరులో వచ్చిన పది గింజలకైనా అదే నియమం.

కరివేపాకుమీద అమెరికావారికి అంత పట్టుదల ఎందుకని ఒక తల్లి అడిగారు. కారణం వుంది. కరివేప, నిమ్మ, బత్తాయి ఒక కుటుంబపువే. నిమ్మ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకుమీద కూడా బతుకుతుంది. ఆ పురుగు 1998లో ఫ్లోరిడాలో కనిపించింది, తెగులు 2005లో బయటపడింది. ఆ తరువాత అక్కడి నారింజ తోటలు ఎంతగా దెబ్బతిన్నాయో లోకానికి తెలుసు. అందుకే పచ్చి కరివేపాకును బయటి దేశాలనుంచి రానివ్వరు. నిమ్మ తోటలున్న రాష్ట్రాల్లో ఒక చోటినుంచి ఇంకో చోటికి మొక్క పంపడానికీ ఆంక్షలున్నాయి. అక్కడి మనవాళ్ళు గోంగూర గింజలు మాత్రం తమలో తాము తపాలాలో పంచుకుంటున్నారు. మంచు కురిసే వూళ్ళలో కరివేప కుండీని చంటిపిల్లలా చలికాలమంతా ఇంట్లో పెట్టుకుని కాపాడుతున్నారు.

2020 జులైలో అమెరికాలో చాలామందికి తాము అడగని విత్తనాల పొట్లాలు చైనా చిరునామాలతో తపాలాలో వచ్చాయి. వాటిని నాటవద్దని ఆ దేశపు వ్యవసాయ శాఖ ప్రజలను కోరింది. ఆగస్టులో మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. అడగకుండా వచ్చిన గింజను భూమిలో పెట్టకూడదన్నది అప్పటినుంచి ఇక్కడివారూ పాటిస్తున్నారు.

అలాగని విత్తనాల తపాలా చెడ్డదనడానికి లేదు. ఆ అమెరికాలోనే 1975లో కెంట్ వీలీ, డయాన్ దంపతులు పాత విత్తనాలు దాచుకున్నవారిని ఉత్తరాలద్వారా కలిపారు. డయాన్ తాతగారింట్లో జర్మనీలోని బవేరియా నుంచి వచ్చిన ఒక పూలతీగ, ఒక టమాటా తరతరాలుగా పెరుగుతూ వచ్చాయి. తాతగారి దగ్గరనుంచి చేతికి వచ్చిన ఆ రెండు రకాల విత్తనాలతో ప్రారంభమైన పని నేడు సీడ్ సేవర్స్ ఎక్స్చేంజి అనే పెద్ద సంస్థగా నడుస్తోంది.

దొంతర మల్లె

మన దగ్గర అటువంటిదే ఒకటి జరుగుతోంది. ఇంకా పూర్తి కాలేదు.

రావులపాలెం దగ్గరి ఒక గ్రామంలో నూతి గట్టు పక్కన ఒక దొంతర మల్లె పొద వుండేదట. రేకుమీద రేకు అంతస్తులుగా వుండి, పువ్వు రూపాయి బిళ్ళంత వచ్చేదని చూసినవారు చెబుతారు. ఆ ఇంటి పెద్దావిడ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటినుంచి తెచ్చుకున్నది. తుంగభద్ర కాలువలు పారిన తరువాత గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతాలకు వలసపోయి క్యాంపులు కట్టుకున్న సంగతి అందరికీ తెలిసిందే. 1974 ప్రాంతంలో ఆవిడ మరిది కుటుంబం కూడా ఇక్కడి రెండెకరాలు అమ్ముకుని సింధనూరు వైపు వెళ్ళింది. వెళుతూ తోడికోడలు ఆ మల్లె అంటు ఒకటి పట్టుకుపోయింది. "నాకు యివ్వడం యిష్టం లేదు. అప్పట్లో మాకు మాటల్లేవు. అత్తగారు తొక్కి వుంచిన అంటు, ఆవిడే యిచ్చింది" అని పెద్దావిడ దాచకుండా చెప్పారు. ఆవిడకు ఇప్పుడు 84 ఏళ్ళు. చూపు బాగా మందగించింది.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లను వరసలు వరసలుగా పడగొట్టింది. ఆ ఇంటి పెరట్లో రెండు చెట్లు కూలి మల్లె పొదమీద, నూతి గట్టుమీద పడ్డాయి. తరువాత ఇల్లు మరమ్మతు చేసినప్పుడు నుయ్యి పూడ్చి బోరు వేశారు. మల్లె మొదలు ఆ మట్టి కిందకే పోయింది. అటు సింధనూరులో తోడికోడలు కాలం చేసింది. పిల్లలు ఇల్లు అమ్మి హైదరాబాదు చేరారు.

కోడలు మొక్కల పిచ్చి వున్న మనిషి. అత్తగారు ఎండాకాలం వచ్చినప్పుడల్లా తలచుకునే మల్లెను ఎలాగైనా తేవాలని పట్టుబట్టారు. దుకాణాల్లో కొన్న బొడ్డుమల్లెలు రెండు మూడు తెచ్చి పెడితే పెద్దావిడ వాసన చూసి "ఇది కాదు" అన్నారు. కిందటేడు మొక్కల స్నేహితుల్లో సింధనూరు దగ్గరి క్యాంపు మనిషి ఒకామె మాటల్లో తగిలారు. మరిదిగారి ఇంటి గుర్తులు చెప్పి వెతికించగా, ఆ ఇల్లు కొన్నవారి వాకిట్లో పందిరంత మల్లె వుందని కబురు వచ్చింది. ఇల్లు కొన్నవారికి వీరెవరో తెలియదు. అయినా కొమ్మలు కోసుకోనిచ్చారు.

మొదటిసారి వైశాఖంలో ఆరు కొమ్మలు వచ్చాయి. ఎండ, తడి ప్లాస్టిక్, అయిదు రోజుల ప్రయాణం. ఆరూ నల్లబడ్డాయి. కోడలు ఆ మాట అత్తగారికి వెంటనే చెప్పలేదు. క్యాంపు స్నేహితురాలు మాత్రం వదల్లేదు. "కొమ్మలతో కాదు వదినా, అంటు తొక్కిస్తాను" అని ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి, నేలవాటు కొమ్మలు మూడింటికి కణుపు కింద బెరడు గీసి మట్టిలో తొక్కి, పైన రాయి పెట్టించారు. ఇల్లు కొన్నావిడే రోజూ నీళ్ళు పోశారు. మూడు నెలలకు వేళ్ళు పట్టాయి. భాద్రపదంలో మట్టి కడిగి, పొట్టు చుట్టి స్పీడు పోస్టులో వేస్తే నాలుగో రోజు చేరాయి. పెట్టెలో జొన్న రొట్టెలు, ఒక పొట్లం గురెళ్ళ కారం కూడా వున్నాయి. మూడు అంట్లలో ఒకటి పోయింది. రెండు పురిటి గది దాటి ఇప్పుడు చెరొక కుండీలో చిగుళ్ళు వేశాయి. ఇక్కడినుంచి ఆ ఇద్దరు ఆడవారికీ ఆనప విత్తనాలు, తాండ్ర, రెండు రవికల గుడ్డలు వెళ్ళాయి.

ఇది ఆ మల్లేనా కాదా అన్నది ఇంకా ఎవరికీ తెలియదు. ఆకు చూసి చెప్పడం కుదరదు. పెద్దావిడ రోజూ కుండీల దగ్గర పీట వేయించుకుని కూర్చుని ఆకులు తడిమి చూస్తున్నారు. మల్లెకు పుష్యమాసంలో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే ఎండలు ముదిరేవేళకు మొగ్గ వేస్తుంది. ఇంత లేత మొక్కకు తొలి ఏడాదే ఆ పని చేయకూడదని, వేరు బలపడనివ్వాలని కడియంలో ఒక నర్సరీ అతను చెప్పాడు. వచ్చే ఏడాదిదాకా ఆగుదామని కోడలు. "వచ్చే ఏడు సంగతి నువ్వు చెప్పగలవా?" అని అత్తగారు. ఇంట్లో కొన్నాళ్ళు దీనిమీదే మాట నడిచింది. చివరకు ఒక కుండీకి ఆకు దూసేటట్టు, రెండోదాని జోలికి వెళ్ళకుండా దాని మానాన పెరగనిచ్చేటట్టు ఒప్పందమైంది. ఆకు దూయవలసిన కుండీ ఏదో పెద్దావిడే చేత్తో తాకి చూపించారు. దానికి ఎర్ర దారం కట్టివుంచారు.